దస్తగిరి తెచ్చిన కొవ్వు

ప్రద్యుమ్నకు ఇన్‌ఫ్రారెడ్ మిషను చేతికొచ్చిన దగ్గర్నుంచి కాళ్లు నేలమీద ఆనడం లేదు. ఏ కొవ్వయినా సరే, ఆవగింజంత తీసి మిషను మీది చిన్న బిళ్లకు రాస్తే చాలు. కంటికి కనపడని వెలుగు దాన్ని తాకి తెరమీద గీత గీస్తుంది. గొర్రెదొక గీత, కోడిదొకటి, పందిదొకటి. తేడా అంతా వెంట్రుకవాసి. "మనిషి నాలుక మోసపోతుందేమో గానీ నా మిషను మోసపోదు" అని కర్నూలు ల్యాబంతా చాటుకుంటూ తిరిగేవాడు మహానుభావుడు.

ఆ రోజు వరండాలో బల్లమీద దస్తగిరి కూర్చుని ఉన్నాడు. గొర్రె కొవ్వు కరిగించి హోటళ్లకు పోసే మనిషి. అందులో పంది కొవ్వు కలుపుతున్నాడని ఎవరో పుకారు లేపారు. రంజాను ముంగిట ఆ మాట నిజమని తేలితే అంగడి మూతపడటం ఒక్కటే కాదు, మసీదులో అతని పక్కన నిలబడేవాడు కూడా ఉండడు. అందుకే పాపం, తనే డబ్బా పట్టుకొచ్చాడు.

ప్రద్యుమ్న గబగబా దేవదానం మాస్టారి గదిలోకి వచ్చాడు. అతనికి ఈ విద్య నేర్పింది ఆయనే.

"దొరికిపోయాడు సార్! పంది కొవ్వు కలిసింది. రిపోర్టుమీద సంతకం పెట్టండి, పంపేద్దాం."

మాస్టారు కలం తీయలేదు. లేచి మిషను దగ్గరికి వచ్చారు.

"ఇంకొక్కసారి చూపించు."

ప్రద్యుమ్న ఎప్పట్లాగే కాగితంతో బిళ్ల తుడిచి, డబ్బా మూత తీయబోయాడు. మాస్టారు మూతమీద చెయ్యి వేశారు.

"మరి ఏం పెట్టమంటారు సార్?"

"ఏమీ పెట్టకు."

ఏమీ పెట్టకుండానే మిషను నడిపాడు. తెరమీద గీత లేచింది. కింద పేరు పడింది: పంది కొవ్వు.

ప్రద్యుమ్నకు అప్పుడు వెలిగింది. పొద్దున, పోల్చి చూసుకుందామని అసలు సిసలు పంది కొవ్వు ఆ బిళ్లకు రాసింది తనే. తర్వాత పొడి కాగితంతో పైపైన తుడిచి వదిలేసిందీ తనే.

మాస్టారు స్పిరిట్ సీసా అతని వైపు జరిపి, వరండాలోకి వెళ్లి దస్తగిరికి టీ చెప్పారు.

ప్రద్యుమ్న బిళ్ల తళతళలాడేదాకా స్పిరిట్‌తో తుడిచాడు. ఖాళీగా నడిపితే ఈసారి గీత చదునుగా వచ్చింది. అప్పుడు దస్తగిరి తెచ్చిన కొవ్వు పెట్టాడు. గొర్రె. గొర్రె తప్ప మరేమీ లేదు. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది!

అతను బయటికి రాగానే దస్తగిరి లేచి నిలబడ్డాడు. చేతిలో టీ అలాగే ఉంది, ఒక్క గుక్కా తాగలేదు.

"మిషను ఏమంది నాయనా?"

"ముందు నా సంగతి చెప్పింది చాచా," అన్నాడు ప్రద్యుమ్న. "ఆ తర్వాతే మీది. మీది అచ్చంగా గొర్రె కొవ్వే. టీ తాగండి."