చౌడు సుంకమ్మ తిట్లు

కథ చెబుతాను, ఊ కొట్టండి. ఊ కొట్టని వాళ్ల మిద్దె కారుతుంది, తర్వాత నన్ననకండి.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్లో అన్నీ మట్టి మిద్దెలే. దూలాల మీద దంతెలనే అడ్డకర్రలు, దంతెల మీద కంప, కంప మీద మట్టి, మట్టి మీద చౌడు. ఆ చౌడు పొలంలో ఉంటే రైతు నెత్తి కొట్టుకుంటాడు. మిద్దె మీద ఉంటే కాళ్లు చాపుకుని పడుకుంటాడు. గింజను మొలవనివ్వదు, నీటిని దిగనివ్వదు. ఏడాదికోసారి, వానలకు ముందు, కొత్త చౌడు పోయించుకోవాల్సిందే.

పోసేదెవరు? సుంకమ్మ. వాగు అవతలి నుంచి గంపతో మోసుకొచ్చేది. మిద్దె ఎక్కేది. గడ్డి పీకేది, ఎలుక బొక్కలు పూడ్చేది, చౌడు పోసి చదును చేసేది. దిగాక వాకిట్లోనే ఇంత సంగటి ముద్ద పెట్టి పంపేవాళ్లు. ప్రతి ఇంటి నెత్తినీ కాచిన మనిషిని ఏ ఇంటివాళ్లూ లోపలికి రమ్మన్నది లేదు. అదీ మన మర్యాద!

సుంకమ్మకు ఒక్కతే కూతురు, మాదక్క. మొగుడు పోయాక పెద్దింటి ఓబులప్ప దగ్గర పనికి కుదిరింది. ఆ ఇంట్లోనే, పశువుల్ని కట్టేసే ముందరి సాలలో ఉండేది. తల్లి ఒంటినిండా చౌడు దుమ్ముతో వస్తే నలుగురిలో నామోషీ పడేది.

ఆ ఏడు పక్కింటి మిద్దె మీద పని చేస్తూ సుంకమ్మ పెద్దింటి మిద్దె చూసింది. నడిమి దూలం మీద గుంట పడి ఉంది. కింద ఉన్నది తన బిడ్డ.

"సామీ, మిద్దె కుంగింది. చౌడు పోసి, దూలానికి ఊతం పెట్టాల" అంది ఓబులప్పతో.

"ఇది ఆషాఢం. ఇంటిపని ముట్టగూడదు, పోవే."

శ్రావణంలో మళ్లీ వెళ్లింది.

"ఇప్పుడు మూఢం, పోవే."

"చౌడుకు మూఢమేంది సామీ? వాన మూఢం చూసుకుని వస్తాదా?"

"నోరెక్కువైంది నీకు."

భాద్రపదంలో మళ్లీ వెళ్లింది.

"కోడలు కడుపుతో ఉండాది. ఇప్పుడు ఇల్లు కదిలించగూడదు, పోవే."

కడుపుతో ఉన్నప్పుడు కొత్త ఇల్లు కట్టొద్దన్నారు పెద్దలు. పాత ఇంటి బొక్క పూడ్చొద్దనలేదు. ఓబులప్పకు శాస్త్రమంతా తెలుసు, ఎక్కడ వాడాలో తప్ప.

సుంకమ్మ కూతురి దగ్గరకు పోయింది. "నాతో వచ్చేయే మాదీ."

"పని ఇయ్యలేదని శాపనార్థాలు పెడతాండావు. నా కూడు చెడగొట్టొద్దమ్మా" అంది మాదక్క.

ముసురు పట్టింది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. మూడోనాటి పొద్దున సుంకమ్మ పెద్దింటి గోడకు చెవి ఆనించింది. లోపల దూలం కిర్రుమంది.

"బయటికి రాండి సామీ, మిద్దె పడతాంది!" అని అరిచింది. "పొద్దున్నే ఏం మాటలే అవి!" అని ఓబులప్ప తలుపేసుకున్నాడు. రెండోసారి అరిచింది. లోపల నవ్వారు. మూడోసారి అరిచింది. లోపల గడియ పెట్టిన చప్పుడైంది.

సుంకమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. వీళ్లు పిలిస్తే రారు. తిట్టడానికైతే వస్తారు.

చౌడు గంప నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. గోడ వారగా నిలబడి గొంతెత్తింది.

"ఒరే ఓబులిగా! నీ కొంప మీదెక్కినా, ఏం చేస్తావో రారా!"

వచ్చారు! ఓబులప్ప కర్రతో వచ్చాడు. కొడుకులు వచ్చారు. కోడలు కూడా కడుపు పట్టుకుని వానలోనే వచ్చింది. "దిగవే దొంగముండా" అని అందరూ ఒకటే తిట్లు. మాదక్క మాత్రం రాలేదు. సిగ్గుతో సాలలోనే ముడుచుకుంది.

మాదక్కను ఊరంతా అన్నా సుంకమ్మ ఏనాడూ అనని మాట ఒకటుంది. కన్నతల్లికి నోరెట్లా వస్తుంది? ఆ రోజు రప్పించుకుంది.

"మాదీ! మొగుణ్ణి మింగినదానా! మొహం చూపించవే!"

మాదక్క ఏడుస్తూ దూసుకొచ్చింది. "నువ్వు చస్తే నా పీడ పోతాది!"

అందరూ బయటికి వచ్చేశారని చూసుకుంది సుంకమ్మ. నిచ్చెన వైపు ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగు పడలేదు. దూలం విరిగి మిద్దె, గోడ, మనిషి ఒక్కటై కూలిపోయారు.

మట్టి ఎత్తితే సుంకమ్మ శవం, దాని పక్కనే దూలం బయటపడ్డాయి. దూలాన్ని చెద తినేసి లోపలంతా డొల్ల. ఓబులప్ప చూశాడు. చూసి కూడా "ముసలిది తొక్కి కూల్చింది" అన్నాడు. ఊరు అవునంది. ఆ దూలం ముక్కలతోనే కోడలి పురిటికి నీళ్లు కాచారు. మాదక్క మాత్రం తల్లి గంప వెతికి తీసుకుని నెత్తిన పెట్టుకుంది. చచ్చేదాకా దించలేదు, తల్లిలాగే ఊరి మిద్దెలకు చౌడు పోస్తూ బతికింది.

ఇప్పటికీ ఆ సీమలో చౌడు పోసే రోజు ఇంట్లో ఎవరూ ఉండకూడదు. నిండు చూలాలైనా, మంచం పట్టిన ముసలివాళ్లైనా వాకిట్లోకి రావాలి. వచ్చి, పైనున్న మనిషిని "దిగవే సుంకీ" అని తిట్టాలి. పిల్లలకైతే పండగే. ఆ ఇంటి కూతుళ్లు మాత్రం పెదవి విప్పరు. ఏమే, నువ్వూ ఒక మాట అనవే అంటే తల అడ్డంగా ఊపుతారు.

"మాదక్క అనేసింది, చాలు" అంటారు.