నక్క పంచిన బ్రహ్మాస్త్రం

కొండవాలున, సెలయేటి పక్క గుహలో జంతువుల ఆసుపత్రి ఉండేది. డాక్టరు నిదానమ్మ అనే తాబేలు. కాంపౌండరు గుంటయ్య అనే నక్క. నక్కను ఆ పనిలో ఎవరు పెట్టారని అడగకండి. అడవిలోనూ ఉద్యోగాలు సిఫార్సు మీదే వస్తాయి.

గుహలో పై అరలో ఒక కుండ, అందులో ఒక వేరు కషాయం. మామూలు మందులకు లొంగని చీముపుండ్లకు ఆఖరున వాడేది అదే. పేరు బ్రహ్మాస్త్రం. నిదానమ్మ పుండు చూసి, వాసన చూసి, మరో దారి లేదని తేలితేనే కుండ దించేది. మూడో రోజున మళ్ళీ చూసేది. అవసరమని తేలితే ఏడు రోజులూ పూర్తిగా తాగించేది.

ఎండాకాలంలో ఆమె గుడ్లు పెట్టడానికి కొండ దిగువ పెద్ద ఏటి ఇసుకకు బయలుదేరింది. తాబేలు నడకకు రానూ పోనూ నెల.

"గుంటయ్యా, కుండ జోలికి పోకు."

"నాకు తెలియదా డాక్టరమ్మా."

మర్నాడు పిచ్చుక తుమ్ముతూ వచ్చింది. "మామా, జలుబు."

గుంటయ్య కుండ దించాడు.

"అది బ్రహ్మాస్త్రం కదూ? నా జలుబుకా?"

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని పెద్దలు ఊరికే అన్నారా? నీ పేరుమీదే రాసిపెట్టి ఉంది. తాగు."

సామెతలతో చిక్కే ఇది. వెక్కిరించడానికి పుట్టిన మాటను సలహా అనుకుంటారు. మా కాలేజీలో ఒకడు 'ఆలస్యం అమృతం విషం' అన్నదాంట్లో మొదటి రెండు మాటలే నమ్మి, పొద్దుటి పరీక్షకు మధ్యాహ్నం వచ్చాడు. సరే, నక్క దగ్గరికి వద్దాం.

గుంటయ్య పేరు పాకింది. చర్మం గీరుకుపోయిన అడవిపంది తేనెపట్టుతో వచ్చింది. "ఆ ముసలమ్మ వాసన చూసి రేపు రమ్మంటుంది. నువ్వే అసలు డాక్టరువి బావా."

గుంటయ్య మీసం దువ్వుకున్నాడు. "రెండు రోజులు తాగు. నొప్పి తగ్గగానే మానెయ్. మిగిలింది దాచుకో, పిల్లలకు పనికొస్తుంది."

అందరికీ అదే మందు, అదే మాట. కుండ ఖాళీ అయితే మళ్ళీ కాచేవాడు.

ఇరవయ్యో రోజున గుంటయ్య వెనక కాలికి తుమ్మముల్లు దిగింది. రోగుల చీము తొక్కిన కాలే అది. వాపు పిక్క దాకా ఎక్కింది. నిదానమ్మ తిరిగొచ్చేసరికి లేవలేని స్థితిలో ఉన్నాడు.

ఆమె వాసన చూసింది. "ఏం తాగుతున్నావు?"

"బ్రహ్మాస్త్రమే, ఎనిమిది రోజులుగా. కషాయం చెడిందేమో, కొత్తది కాచండి."

"కషాయం బాగానే ఉంది. పుండులోని పురుగే మారింది. మొదట చచ్చేవి మెత్తనివి. మొండివి చావకముందే నువ్వు అందరిచేతా మాన్పించావు. వాటి సంతానమే నీ కాల్లో కాపురం పెట్టింది."

"అయితే దీనికంటే పెద్ద మందు ఇవ్వండి."

"అదే ఉంటే దీనికి ఆ పేరెందుకు పెడతాను?"

గుంటయ్య కాలి వంక చూసుకున్నాడు. "మరి నా ప్రాణం?"

"దక్కుతుంది, మోకాలి కింద కాలు వదులుకుంటే."

సెలయేటి నుంచి పెద్ద పీతను పిలిపించారు. దాని కత్తెర డెక్కలు తమ పని చేశాయి. ప్రాణం నిలిచింది.

నెల తర్వాత గుంటయ్య మూడు కాళ్ళతో గుహ ముందు ఎండ కాచుకుంటుంటే పిచ్చుక వచ్చి వాలింది.

"కాలెలా ఉంది మామా?"

"లేని కాలు ఎలా ఉంటుంది? పోనీలే, నీ జలుబైనా తగ్గించాను."

"అదా? చేదుగా ఉందని నీ మందు గుహ దాటగానే ఉమ్మేశాను. జలుబు మూడో రోజుకు దానంతటదే పోయింది."

పిచ్చుక మీద వేసిన అస్త్రం పులి వచ్చిన రోజున పనిచేయదు.