చేట నిండని మందు

ఎర్రమిట్టలో కొండప్ప అనే క్యాబేజీ రైతు ఉండేవాడు. కష్టజీవే గానీ, నారు పోసిన మర్నాడే మొలకొచ్చిందా అని మట్టి కెలికి చూసేంత తొందర మనిషి. పురుగుమందు కొట్టిన మర్నాడు రాలిన పురుగుల్ని చేటలోకి ఎత్తి గట్టున అందరికీ చూపించేవాడు. చేట నిండితేనే అతని లెక్కలో అది మందు.

ఆ ఏడు కోతకు వారం ఉందనగా పచ్చపురుగు పడింది. పంటంతా పక్క ఊరి బడి హాస్టల్‌కు ఇస్తానని అతను మాటిచ్చి ఉన్నాడు. కూతురు గౌరి చదివేదీ అక్కడే. భార్య సుబ్బరత్న రైతు కేంద్రం నుంచి బ్యాక్టీరియా పొడి తెచ్చింది.

"ఇది పడిన ఆకు తింటే పురుగు మేత మానేస్తాదంట. మూడు దినాలకు చస్తాదంట. ఎండకు బలం పోతాది, సాయంత్రం కొట్టు," అంది.

కొండప్ప నీళ్లలో కలిపి వాసన చూశాడు. ఘాటే లేదు. "దీనికి పురుగు చస్తాదా? బలుస్తాది," అని సణుగుతూనే కొట్టాడు.

మర్నాడు చేటలోకి ఒక్క పురుగూ రాలేదు. అన్నీ ఆకుల మీద కదులుతూనే ఉన్నాయి. "ఏం కొండప్పా, ఈ తూరి చేట తేలిగ్గా ఉందే?" అన్నాడు పక్క చేను మునెప్ప. కొండప్పకు తల కొట్టేసినట్టయింది.

"పురుగును కాదు, ఆకును చూడు. కొత్త చిల్లు ఒక్కటన్నా పడిందా? ఇంకో రెండు దినాలు ఓర్చుకో," అంది సుబ్బరత్న.

కొండప్ప ఓర్చుకోలేదు. ఆమె ఇంటికి వెళ్లగానే అంగట్లోంచి ఘాటైన మందు తెచ్చి కొట్టేశాడు. చివరి నాలుగు సాళ్లకు మందు చాలలేదు. తెల్లారేసరికి చేట నిండింది. మునెప్పను పిలిచి మరీ చూపించాడు.

ఆ మరుసటి రోజు, ఘాటు మందు పడని ఆ నాలుగు సాళ్లలోకి వెళ్లాడు. అక్కడి పురుగులు కూడా నల్లబడి, ఆకులకు వేలాడుతూ చచ్చి ఉన్నాయి. కొండప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కోత రోజు అతను కత్తి పట్టగానే, సుబ్బరత్న చేను గట్టున దొరికిన మందు డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

"కొట్టినాక పదైదు దినాలు కోయకూడదని దీని మీదే రాసుంది. ఈ కూర మన గౌరి కంచంలో పడేది. కోస్తావా?"

కొండప్ప భయపడిపోయాడు. కత్తి కింద పెట్టేశాడు. ఆ నాలుగు సాళ్ల గడ్డలే బండెక్కాయి. మిగతావి ఇవ్వలేనని వార్డెన్‌కు తనే వెళ్లి తలవంచుకుని చెప్పాడు. గడువు తీరేలోగా అవి చేనులోనే ముదిరి పగిలిపోయాయి.

నిదానంగా జరిగే మేలును నమ్మి ఓర్చుకోలేనివాడు, చేతికొచ్చిన పంటను చేజేతులా పాడుచేసుకుంటాడు.