గోరింకలు దొంగిలించిన కేక

ఏం చూశారో చెప్పండి పిల్లలూ! నక్క ఎదురుగా నడిచిపోతుంటే అడవిదున్న లేవకుండా పడుకుని ఉండటం చూశారా? చూసి, పిరికిదని నవ్వారా? నవ్వకండి. ముందు కథ వినండి.

తుమికికోన అడవిలో కొండముచ్చులు, చుక్కల దుప్పులు, అడవిదున్నలు కలిసి బతికేవి. కొండముచ్చులు పెద్ద మేడిచెట్టెక్కి కాపలా కాసేవి. తింటూ తింటూ కిందికి పళ్లు రాల్చేవి. దుప్పులు వాటిని ఏరుకుని తినేవి. చిరుత కనబడితే పైనుంచి "ఖర్ర్!" అని ఒక్క కేక. దుప్పులు పరుగు తీసేవి. దున్నలు కొమ్ములు వంచి శత్రువు మీదికి ఉరికేవి. ఆ కేకే అడవికి ప్రాణం.

ఒక రోజు ఒక గోరింకల జంట వచ్చింది. కొండముచ్చుల పెద్ద కందప్ప వీపు మీద వాలి పేలు ఏరిపెట్టింది. పేలు ఏరినవాళ్లు చుట్టాలు, వాళ్లకు చెట్టు మీద చోటివ్వాలి. అది కొండముచ్చుల ఆచారం. గోరింక తొర్రలో గుడ్లు పెట్టింది. కొన్నాళ్లకు ఏ తొర్రలో చూసినా గోరింకలే.

అవి కేక నేర్చుకున్నాయి. చిరుత లేకపోయినా "ఖర్ర్!" అనేవి. దుప్పులు పారిపోగానే రాలిన పళ్లన్నీ అవే మెక్కేవి.

ముసలి దుప్పి చుక్కవ్వ పైకి చూసి అరిచింది. "కందప్పా, నీ చెట్టులో దొంగ గొంతుంది. తొర్రలు వెతుకు!"

"నా కాపలాలో తప్పా? నీకు చెవుడొచ్చింది అవ్వా, పోయి పడుకో!" అన్నాడు కందప్ప.

రోజంతా దొంగ కేకలే. దుప్పులు పరిగెత్తి పరిగెత్తి చిక్కిపోయాయి. దున్నలు గాలిని పొడిచి పొడిచి కూలబడ్డాయి. చివరికి కేక వినబడినా ఎవరూ చెవి కదపలేదు.

అప్పుడు నక్కలు వచ్చాయి. మునుపు దున్న నీడ చూస్తేనే పారిపోయే నక్కలు! చెట్టు దిగి ఉన్న కందప్ప గొంతు చించుకున్నాడు. ఎవరూ లేవలేదు. నక్కలు అతని తోక సగం కొరికేశాయి. చుక్కవ్వ మనవరాలిని ఈడ్చుకుపోయాయి.

"ఈ కొండముచ్చులను తరిమేద్దాం!" అంది ఒక దున్న.

"తరిమితే కేకేసేదెవరు, నీ తాతా?" చుక్కవ్వ కళ్లు నిప్పులయ్యాయి. "పోయింది నా మనవరాలు. అయినా చెబుతున్నా, కందప్ప మన శత్రువు కాదు, మన కాపలావాడు. దొంగలు తొర్రల్లో ఉన్నారు. రోజూ తెల్లవారగానే తొర్రలకు ముళ్లకంప కొట్టండి."

"గోరింకలన్నీ పోతాయా అవ్వా?" కందప్ప తలవంచుకుని అడిగాడు.

"పోవు. లోపలే నక్కి, కంప పీకుతూనే ఉంటాయి. ఒక్క రోజు మానావా, మళ్లీ బయటికొస్తాయి. అందుకే రోజూ."

కందప్ప తెగిన తోకతోనే ముళ్లు మోశాడు. చేతులు నెత్తురోడాయి. మానలేదు. దొంగ కేకలు ఆగాయి. దుప్పులకు పళ్లు దక్కాయి. దున్నలు కడుపారా మేసి బలిశాయి. ఒక పొద్దున నిజమైన కేక వినబడింది. దుప్పులు దూకాయి. దున్నలు లేచాయి. చిరుత వెనుదిరిగింది.

మన ఒంట్లోనూ ఇలా కేకేసి మిగతావాటిని లేపే కాపలా కణాలున్నాయి. హెచ్‌ఐవీ వైరస్ దూరేది వాటిలోకే. వాటిలోనే పెరిగి, ఆ కేకనే పాడుచేస్తుంది. ఇక నక్కలాంటి చిన్న జబ్బు కూడా మీదపడుతుంది. రోజూ వేసుకునే మందే మనకు ముళ్లకంప.

నీతి: కాపలాలో దొంగ దూరితే ఆ దొంగను రోజూ కట్టడి చేయాలి కానీ కాపలావాణ్ణి వెలివేయకూడదు. మీ వీధిలో ఆ మందు వేసుకునే మనిషి ఉంటే, మీరు పక్కన కూర్చుంటారా, లేచిపోతారా?