గొర్రెలంకలో రాజుగారి విడిది

రంభాపురం ఏలే మదనపాల మహారాజుగారికి ఒకరోజు భోజనం మధ్యలో, పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుంటూండగా, ఒక సంగతి గుర్తొచ్చింది. రాజులకి ఏదైనా గుర్తొస్తే చుట్టూ ఉన్నవాళ్ళకి అన్నం దిగదు కదా! చెయ్యి కడుక్కుని తిన్నగా కొలువుకొచ్చారు.

“అవునూ, నిరుడు వరదలయ్యాక పోటీ పెట్టి, గొర్రెలంక కోసం మంచి కట్టడం నమూనా చేసినవాడికి బహుమతిచ్చాం. ఆ కట్టడం ఎందాకా వచ్చింది?”

గొర్రెలంక అంటే ఏటి నడుమ దిబ్బ మీది ఊరు లెండి. నిరుడు ఏరు పొంగి ఇళ్ళన్నీ ఊడ్చుకుపోతే జనం తాడిచెట్లెక్కి బతికారు. అందుకని ఎత్తయిన రాతి స్తంభాల మీద పెద్ద శాల, పశువులు ఎక్కడానికి వాలుదారి పెట్టి ఒక స్థపతి చేసిన నమూనా పోటీలో నెగ్గింది. ఆ కర్రబొమ్మకి దండ వేశారు, మేళం వాయించారు, విందారగించారు. కట్టడం ఒక్కటే మర్చిపోయారు.

కట్టడాల పెద్ద శరభామాత్యులవారు లేచారు. ఆయనా పోటీలో నమూనా పెట్టి ఓడిపోయిన మనిషే. అందులో ఉన్నదల్లా ఒక గోపురం, గోపురం మీద ఆయనగారి విగ్రహం. పాపం, వరదలో ఆ విగ్రహం ఒక్కటీ తడవదు.

“పరిశీలనలో ఉంది మహాప్రభూ! వరదల కచేరీవారు ఏరు మళ్ళీ పొంగుతుందనడానికి రుజువు అడిగారు. ఏనుగుల కచేరీవారు వాలుదారి మీద ఏనుగు జారితే పూచీ ఎవరిదన్నారు.”

“లంకలో ఏనుగులున్నాయా?”

“లేవు ప్రభూ. లేవని వారింకా తేల్చలేదు. అన్నీ సవ్యంగా జరిగితే మూడేళ్ళలో శంకుస్థాపనే!”

మొర చెప్పుకుందామని వచ్చి, ద్వారం దగ్గర నించున్న గొర్రెలంక నూకాలు ఇక ఆగలేకపోయింది.

“మూడేళ్ళా! వానలు నెత్తిమీదకొచ్చాయి బాబూ. నిరుడు ఏరు పోతూపోతూ తాడిచెట్లు కూడా లాక్కుపోయింది. ఈసారి ఎక్కడానికి చెట్టూ లేదు. పిల్లల్ని ఎక్కడ పెట్టుకోమంటారో ఆ పరిశీలించే బాబుల్నే చెప్పమనండి!”

రాజుగారికి సిగ్గేసింది. సిగ్గేస్తే రాజులు ఏంచేస్తారు? కేకలేస్తారు.

“వానలు పడేలోగా దీన్ని కట్టించే మొనగాడు ఈ కొలువులోనే లేడా?”

అందరూ ఎవరి కాలివేళ్ళు వాళ్ళు చూసుకున్నారు. రాజుగారికి ఉబుసుపోక కబుర్లు చెప్పే గౌరన్న మాత్రం తాంబూలం బుగ్గన పెట్టుకుని ముందుకొచ్చాడు.

“నేను కట్టిస్తాను ప్రభూ. తమరు ఒక్క పని చెయ్యాలి. తొలకరి పడ్డ రోజు గొర్రెలంకలో ఒక రాత్రి విడిది చెయ్యాలి.”

“అంతేనా? చేశాననుకో!” అన్నారు రాజుగారు.

శరభామాత్యులవారు మీసం చాటున నవ్వుకున్నారు. ఆ నవ్వు ఇంటికి వెళ్ళేదాకా కూడా నిలవలేదు. ఎందుకంటారా? ఆ రాజ్యంలో రాజుగారి విడిది ఏర్పాట్లు కట్టడాల పెద్దే చూడాలి. విడిది పనికి ఏ కచేరీ అడ్డుచెప్పకూడదు. రాజుగారి మీద ఒక్క చినుకు పడినా కట్టడాల పెద్ద పదవి ఊడుతుంది!

మర్నాడు పొద్దున్నే గౌరన్న పరామర్శకి వెళ్ళాడు.

“ఏం చేద్దామనుకుంటున్నారు అమాత్యులవారూ?”

“ఏముందయ్యా, నాలుగు డేరాలు వేయిస్తాను.”

“భేషుగ్గా వేయించండి. రాత్రికి రాత్రి ఏరొచ్చి, రాజుగారి మంచం తేలుతూ పక్క రాజ్యంలోకి వెళ్ళిందనుకోండి, దండెత్తారని వాళ్ళు హడలిపోతారు!”

అమాత్యులవారికి చెమట పట్టింది. “అయితే... ఎత్తున కట్టాలంటావా?”

“నన్నడుగుతారేంటి? మరి పట్టపుటేనుగు మాటో?”

“వాలుదారి వెయ్యాలి.”

“పరివారం?”

“పెద్ద శాల కావాలి. అయ్యో, అంతదానికి నమూనా ఎవరు గీస్తారు? వ్యవధేదీ?”

“నెగ్గిన నమూనా తమ అటక మీదే ఉందిగా. దుమ్ము దులిపితే చాలు.”

అంతే! వరదల కచేరీవారు ఏరు పొంగి తీరుతుందని ప్రమాణం చేశారు. ఏనుగుల కచేరీవారు సొంత ఏనుగుల చేతే రాళ్ళు మోయించారు. ఒక్కటీ జారలేదు. ఇన్నాళ్ళూ కచేరీల అరుగుల మీద గడ్డం పెంచుకున్న స్థపతిని పల్లకీలో తెచ్చారు. మూడేళ్ళదాకా మొదలవని పని మొదటి మబ్బు కనపడేలోగా పూర్తయింది. రాజ్యంలో అంత చురుకైన ఉద్యోగులున్నారని ఎవరికీ తెలీదు సుమండీ!

తొలకరి పడింది. రాజుగారు పడవ దిగి, శాలలో సుఖంగా పడుకుని లేచారు. ఒంటిమీద చినుకు పడితే ఒట్టు! మురిసిపోయి శరభామాత్యులవారి కోసం ముత్యాలహారం తెప్పిస్తూండగా, కింద ఏరు చప్పుడు పెరిగింది. వాలుదారి మీదుగా పిల్లా పీచూ, గొడ్డూ గోదా, ఊరు ఊరంతా పైకొస్తోంది. ముందు గౌరన్న, పక్కన నూకాలు.

“ఆగండి! ఎవరు రానిచ్చారు మిమ్మల్ని?” అని అమాత్యులవారు చేతులు బార్లా చాపి అడ్డం నించున్నారు.

“వీళ్ళకోసం కట్టిన వరదశాలేగా ఇది?” అన్నాడు గౌరన్న అమాయకంగా.

“వరదశాలేంటి! దానికింకా అనుమతులే రాలేదు. ఇది మహారాజుగారి విడిది!”

“నిజంగా విడిదేనా?”

“ముమ్మాటికీ విడిదే! నా పదవి మీద ఆన!”

గౌరన్న రాజుగారి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

“విన్నారుగా ప్రభూ. రాజు విడిది చేసి లేచాక, పందిట్లో రాటతో సహా అక్కడున్నదంతా ఆ ఊరివాళ్ళకే దక్కడం మన రాజ్యంలో ఆచారం. తమరు లేచారు!”

అమాత్యులవారు ఇరుకున పడ్డారు. విడిది కాదంటే పదవి మీద పెట్టిన ఆన పోయె, అవునంటే శాల పోయె.

రాజుగారు పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు. అది చూసి పరివారం నవ్వింది, ఎందుకో తెలీని ఏనుగులవాళ్ళూ నవ్వారు. అమాత్యులవారి కోసం తెప్పించిన ముత్యాలహారం గౌరన్న మెడలో పడింది.

నూకాలు ఆ హారం వంక చూడనేలేదు. గేదెని పైకి అదిలిస్తూ, ఇంకా చేతులు చాపుకునే ఉన్న శరభామాత్యులవారితో అంది.

“కాస్త జరుగు బాబూ, దూడ కూడా వస్తోంది.”