పలకని డిస్కు

"ఆ దేవుణ్ణి ఎంతకాలమని పిలవను స్వామీ? అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అక్కడ ఎవరూ లేరని నాకు తేలిపోయింది" అన్నాడు త్రినాథ్.

గోదావరి మధ్య ఒక లంకలో ఉంది ఆ ఆశ్రమం. పరదేశి స్వామి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"సైరను బాగుచేసేసి వెళ్ళిపోతాను. సంచి కూడా సర్దుకున్నాను."

"మంచిది నాయనా. ముందు సైరను చూడు. ఏటికి ఎర్రనీరు వచ్చింది" అన్నారు స్వామి.

ఆశ్రమానికి రాకముందు త్రినాథ్ కంప్యూటర్ల ఇంజనీరు. వెనక గదిలో అతను పెట్టిన కంప్యూటరు ఏటి నీటిమట్టాన్ని అనుక్షణం కనిపెట్టుకుని ఉంటుంది. నీరు గుర్తు దాటిన మరుక్షణం సైరను మోగాలి. ఆ మోత విన్నాకే లంకవాళ్ళు పిల్లల్నీ పశువుల్నీ గట్టు ఎక్కిస్తారు. ఇందులో ఆలస్యమన్న మాటే వినపడకూడదని త్రినాథ్ పట్టుదల. స్విచ్చి వేయగానే డిస్కు కోసం కంప్యూటరు కాసేపు ఆగుతుందే, ఆ ఆగడాన్ని కూడా సున్నా చేసి పారేశాడు. చేసి ఊరుకున్నాడా, వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ పాత డిస్కు చెమ్మకు పాడైంది. ఇంకా పెద్దది, కొత్తది తెప్పించి బిగించాడు. స్విచ్చి వేస్తే తెర మీద ఒకటే మాట: డిస్కు లేదు.

వైర్లు మార్చాడు. మరలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. అదే డిస్కును తన సొంత కంప్యూటరుకు తగిలిస్తే బుద్ధిగా పనిచేసింది. దీనికి తగిలిస్తే మాత్రం ససేమిరా. ఈ రెంటికీ జాతకాలు కలవలేదని చేతులెత్తేశాడు.

అంతలో కిటికీ దగ్గరకు సత్తెమ్మ వచ్చింది. లంకలో పాడి చేసుకు బతికే మనిషి.

"ఏవండీ బాబూ, కూత బాగయ్యిందాండీ? మా ఆవు నిండు చూడిదండి. ముందుగా తెలిస్తేగానీ తోలుకెళ్ళలేమండి."

"చూస్తున్నానమ్మా" అన్నాడు త్రినాథ్, ఆమె ముఖం చూడలేక. ఆమె వెళ్ళిపోయాక డిస్కు మీద మండిపడి, బల్ల కిందకు దూరి దాన్ని ఊడదీయబోయాడు.

ఎవరో తలుపు తట్టారు.

ఒళ్ళోని మరలు పక్కన పెట్టి, తలకు బల్ల తగలకుండా వంగి బయటకు వచ్చి, వెళ్ళి తలుపు తీశాడు. ఎవరూ లేరు. తిరిగి బల్ల కిందకు చేరాడో లేదో మళ్ళీ తట్టారు. ఈసారి ఒక్క ఉదుటున లేచాడు. నెత్తికి బల్ల తగిలింది. తలుపు తీసేసరికి స్వామి అరుగు వైపు నడిచి వెళ్ళిపోతున్నారు.

"తట్టింది మీరేనా స్వామీ?"

"నేనే. పలకలేదు కదా, ఎవరూ లేరనుకున్నాను."

"ఉన్నాను స్వామీ! లేచి రావద్దా?" అన్నాడు, నెత్తి రుద్దుకుంటూ, కాస్త విసురుగానే.

స్వామి అరుగెక్కి చిక్కుడుకాయల ముందు కూర్చున్నారు.

త్రినాథ్ గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, బల్ల కింది డిస్కు వైపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి, డిస్కు మీద అరచెయ్యి ఆనించి, స్విచ్చి వేశాడు. తెర మీద అప్పుడే పడిపోయింది, డిస్కు లేదని. అరచేతి కింద మాత్రం డిస్కు ఇంకా లేస్తోంది. మెల్లగా కదిలి, బరువుగా తిరిగి, తిరిగి, వేగం అందుకుంటోంది. దాన్ని ఎన్నిసార్లు తిట్టాడో తలచుకుంటే అతనికి సిగ్గేసింది.

తాను పెట్టిన సున్నా తీసేసి, తన సొంత కంప్యూటరులాగే డిస్కు లేచేదాకా ఆగమని ఈ కంప్యూటరుకూ చెప్పాడు. మళ్ళీ స్విచ్చి వేసి, తానూ ఆగాడు. తెర వెలిగింది. డిస్కు ఉంది.

సాయంత్రం పరీక్షకని మోగించిన సైరను లంక అవతలి కొస దాకా వినిపించింది. సత్తెమ్మ పాలచెంబుతో వచ్చి, స్వామికి దణ్ణం పెట్టి, చుట్టూ చూసింది.

"ఆ బాబు ఎల్లిపోయారాండీ?"

సర్దిన సంచి గది గుమ్మం పక్కన అలాగే ఉంది. లోపల త్రినాథ్ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. భోజనాల గంట ఎప్పుడో కొట్టారు. పిలుద్దామని సత్తెమ్మ అడుగు ముందుకు వేసింది.

స్వామి చెయ్యి అడ్డుపెట్టారు.

"ఉండనీ అమ్మా. ఇవాళే తలుపు తట్టి నిలబడ్డాడు."