రెండు తలల దుప్పటి

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. దగ్గరికి జరిగి వినండి.

అనగనగా ఉప్పు మడుల పక్కన ఒక ఊళ్ళో చిలకమ్మ అని ఒకావిడ ఉండేది. పుట్టిల్లు ఎక్కడో కొండల అవతల. ఆవిడకి పైడి అని ఓ చిన్న కూతురు.

ఒక ముసురు రోజున పైడికి జలుబు చేసింది. ముక్కులు రెండూ బిగుసుకుపోయాయి. ఛాతీలో పిల్లి పడుకున్నట్టు గురగుర. ముద్ద మింగలేక, పడుకోలేక పిల్ల వాడిపోయింది. సాయంత్రానికి తేలికపడకపోతే బండి కట్టి పట్నం ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాడు తండ్రి. 

అప్పుడు చిలకమ్మకి పుట్టింట్లో వాళ్ళమ్మ చేసే వైద్యం గుర్తొచ్చింది. వాము వేయించి, గుడ్డలో మూటగట్టి, ముందు తన చెంపకి ఆనించి వేడి చూసుకుని, పిల్ల ఛాతీకి కాపడం పెట్టింది. గురగుర కాస్త తగ్గింది. ముక్కు మాత్రం వదల్లేదు.

ఆ తర్వాత తులసాకులు, మిరియాలు వేసి కషాయం కాచి, బెల్లం కలిపి ఇచ్చింది. పైడి ఒక్క గుటక మింగి, మిగతాది అమ్మ చీర మీద ఉమ్మేసింది.

అత్తగారు నవ్వింది. "ఏటే కోడలా, మీ కొండ వైద్యానికి మా ఉప్పుగాలి భయపడతాదేటే?" అంది. అంటూనే వానలో వెళ్ళి, గట్టు మీద వావిలాకు కోసుకొచ్చి చేతిలో పెట్టింది.

ఆ తర్వాత చిలకమ్మ వావిలాకు మరిగించి, కుండ దించి కుదురు మీద పెట్టి, పిల్లని కాస్త ఎడంగా కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. లోపల చీకటి, పొగలాంటి ఆవిరి. పైడి కెవ్వుమని బయటికొచ్చేసింది. మళ్ళీ కప్పితే మళ్ళీ పరుగు. మూడోసారి దుప్పటి చూడగానే మంచం కింద దూరింది. ఏడ్చేసరికి ముక్కు ఇంకా బిగిసింది. వాకిట్లో ఎద్దుల మెడలో గంటలు మోగాయి. బండి కడుతున్నారు.

ఆకులన్నీ సరిగ్గానే వేశానే, ఏం మర్చిపోయానని చిలకమ్మ తల పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆ దుప్పట్లో తానెప్పుడూ ఒక్కతే లేదు. పక్కనే అమ్మ చెమటలు కక్కుతూ కూర్చునేది.

మంచం కిందికి వంగి, "నాకూ ఆవిరి పట్టాలే పైడీ. ఒక్కదాన్నే అంటే భయమేస్తోంది. తోడొస్తావా?" అంది.

పైడి కాసేపు ఆలోచించి బయటికొచ్చింది. కుండ ముట్టుకోవద్దని అమ్మకే జాగ్రత్త చెప్పి, ఒళ్ళోకి చేరింది. రెండు తలల మీద ఒకటే దుప్పటి. లోపల చిలకమ్మ ఒక కథ మొదలుపెట్టింది. కథ సగంలో ఉండగా పెద్ద తుమ్ము వచ్చి, పైడి ముక్కు హాయిగా వదిలింది.

వాకిట్లో ఎద్దుల్ని విప్పేశారు. అప్పుడు అత్తగారు దుప్పటి అంచు ఎత్తింది.

"నాకూ చోటుందేటే?"

కథేమో కంచికి, కుండేమో వంటింటికి, మనమేమో మంచానికి.

రేపు మీరు పెద్దయ్యాక మీ పిల్లలకి ముక్కు బిగిసినప్పుడు, ఆకుల పేర్లతో పాటు ఈ కథ కూడా చెప్పండి. దుప్పట్లోకి మీరూ వెళ్ళి చెప్పండి.